ఈ-టైపా, ఎన్‌ఎస్‌ఎక్సా?

ప్రశ్న: 1960ల నాటి జాగ్వార్ ఈ-టైప్ ఒకటి, 1991 హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ ఒకటి అమ్మకానికి వచ్చాయి. రెండూ తళతళలాడుతున్నాయి. ఒక్కటే కొనగలను. నెలకు రెండు మూడుసార్లైనా నడపాలని కోరిక. ఏం చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు: తళతళలు చూడకండి. ఈ-టైప్‌లో డబ్బు మింగేది ఇంజన్ కాదు, తుప్పు. 1961లో వచ్చిన ఈ బ్రిటిష్ కారులో ఇంజన్ కూర్చునేది చతురస్రపు ఉక్కు గొట్టాల ఫ్రేమ్‌లో. దాన్ని బాడీ ముందు గోడకు బోల్టులతో బిగించారు. ఆ గొట్టాలు లోపలినుంచి తుప్పు పడతాయి, పైన రంగు మాత్రం చెక్కుచెదరదు. బానెట్ ఎత్తి ముందుగా బ్యాటరీ దగ్గరి గొట్టాలు చూడండి, యాసిడ్ కారి తినేసేది అక్కడే. అతుకు వేసిన గొట్టాన్ని నమ్మొద్దు, ఫ్రేమ్ మార్చాల్సిందే. తర్వాత చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి, తలుపుల కింది సిల్స్ వెంబడి నడిపించండి. పట్టు వదిలిన చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ.

వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, డిఫరెన్షియల్‌ను (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను) ఆనుకుని ఉంటాయి. ఆ వేడికి ఆయిల్ సీళ్లు గట్టిపడి, ఆయిల్ డిస్కుల మీదికి చేరుతుంది. సీళ్లు సరిగ్గా మార్చాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం దించాలి. బేరం ఆడేటప్పుడే ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. 3.8 లీటర్ల ఇంజన్ ఉన్న కారులో ఫస్ట్ గేర్‌కు సింక్రోమెష్ (గేరు గీరుకోకుండా సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, 1964 చివర్లో వచ్చిన 4.2లో అన్ని గేర్లకూ ఉంది. నడపడానికైతే 4.2 మేలు.

ఎన్‌ఎస్‌ఎక్స్ బాడీ అల్యూమినియం, ఉక్కు తుప్పు బెడద లేదు. 3 లీటర్ల వి6 (ఆరు సిలిండర్ల) ఇంజన్, టైటానియం కనెక్టింగ్ రాడ్లతో 8,000 ఆర్‌పీఎమ్ దాకా హాయిగా తిరుగుతుంది. దీనికి శత్రువు కాలం. తక్కువ తిరిగిన కారైనా టైమింగ్ బెల్ట్‌ను (ఇంజన్ వాల్వులను సమయానికి కదిలించే పట్టీని) ఏళ్ల లెక్కన మార్చాలి. వాటర్ పంపు, కూలెంట్ హోసులు అప్పుడే మార్పిస్తే ఒక్క విప్పుడుతో పోతుంది. ఏసీ కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్లు కారి సర్క్యూట్ బోర్డును తినేస్తాయి, ఫ్యాన్ తన ఇష్టానికి తిరుగుతుంది. ఇది టంకంతో బాగయ్యే రోగమే.

గేర్‌బాక్స్ సంగతి అలా కాదు. తొలినాళ్ల 5 స్పీడ్ గేర్‌బాక్సుల్లో కొన్నింటికి, బేరింగును పట్టి ఉంచే స్నాప్ రింగ్ గాడిని వెడల్పుగా కోశారు. రింగ్ విరిగితే షాఫ్టు కదిలి గేర్‌బాక్సే పాడవుతుంది. గేర్‌బాక్స్ నంబరు ఈ లోపమున్న నంబర్ల వరుసలో ఉండి, మరమ్మతు బిల్లు లేకపోతే ధర తగ్గించమనండి. ముందు బానెట్ కింది బీముల్లో ముడతలు కనిపిస్తే మాత్రం వదిలేయండి. అల్యూమినియం సరిచేయడం అందరికీ చేతనైన పని కాదు.

ఈ-టైప్‌కు ఫ్రేములు, రేకులు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఎన్‌ఎస్‌ఎక్స్‌కు అలా కాదు, లోపలి చిన్న భాగం పోయినా వెతుక్కోవాలి. అయినా మీ వాడకానికి, బిల్లులన్నీ ఉన్న ఎన్‌ఎస్‌ఎక్సే తీసుకోండి.

ప్రశ్న: ఈ-టైప్ కింద ఆయిల్ చుక్కలు పడ్డాయి. ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా కిందే ఉంది. ఇంజన్ పోయినట్టేనా?

జవాబు: చుక్కలకు భయపడకండి. క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన షాఫ్టు) వెనక సీల్ పాతకాలపు తాడు రకం, కాస్త చెమ్మగిల్లుతుంది. ధారగా కారితే మాత్రం ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి బయటికి తీయాలి. ప్రెషర్ గేజికి కబురందించే ఎలక్ట్రిక్ సెండర్ తరచూ తక్కువ చూపిస్తుంది. మెకానికల్ గేజి తగిలించి, ఇంజన్ బాగా వేడెక్కాక 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర చూడండి. 40 పీఎస్‌ఐ అటూఇటూగా ఉంటే బేరింగులు బాగున్నట్టే.