గాల్‌బ్లాడర్ తీశాక కళ్ళు పచ్చబడ్డాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మకు 52 ఏళ్ళు. రాళ్ళున్నాయని మూడు వారాల క్రితం లాప్రోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు. నాలుగు రోజులుగా కళ్ళు పచ్చగా ఉన్నాయి, రాత్రంతా ఒళ్ళు గోక్కుంటూనే ఉంటోంది. ఆపరేషన్ చేసిన చోట అడిగితే గ్యాస్ అని మాత్రలు రాశారు. బయట ల్యాబ్‌లో చేయిస్తే బిలిరుబిన్ 4.8, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 410, ఎస్‌జీపీటీ 96 వచ్చాయి. అది తీసేస్తే లివర్ పాడవుతుందట, పసరు మందు పోయించమని పక్కింటావిడ ఒకటే పోరు. నిజమేనా?

జవాబు: పక్కింటావిడ మాట పక్కన పెట్టండి. పైత్యరసం తయారుచేసేది లివరే, రోజుకు అర లీటరు పైనే. గాల్‌బ్లాడర్ దాన్ని దాచుకునే చిన్న సంచి, పట్టేది 30-50 మిల్లీలీటర్లు. సంచి తీసేస్తే రసం నేరుగా పేగులోకి పోతుంది, కొందరికి కొన్నాళ్ళు విరేచనాలు పల్చగా అవుతాయి, అంతే.

కానీ ఇది గ్యాస్ కూడా కాదు. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులు ఎస్‌జీపీటీ కాస్త పెరిగి (లివర్ కణాలకు దెబ్బ తగిలితే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఇది) వారంలో దానంతటదే దిగడం మామూలే, మూడు వారాల తర్వాత ఆ లెక్క చెల్లదు. పైగా పైత్యం దారి మూసుకుంటే పెరిగే ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంత ఎక్కువుండి, దురద కూడా ఉందంటే పైత్యనాళంలో, అంటే పైత్యరసం పేగుకు వెళ్ళే గొట్టంలో, ఏదో అడ్డుపడిందని అనుమానించాలి. చాలాసార్లు అది సంచిలోంచి ముందే జారి నాళంలో ఉండిపోయిన రాయి. అరుదుగా ఆపరేషన్‌లో నాళానికే దెబ్బ తగిలి ఉండొచ్చు. మూత్రం టీ డికాషన్‌లా, మలం సుద్దలా వస్తోందేమో అమ్మనడగండి, మనం అడిగితే తప్ప వాళ్ళు చెప్పరు.

రేపే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించండి, పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఆ విభాగం ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్‌కు ముందు చేసిన రక్త పరీక్షలు మర్చిపోకండి (సగం మంది ఫైలు ఇంట్లో వదిలేసి వస్తారు), కళ్ళు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ అప్పుడే ఎక్కువుంటే రాయి పాతదేనని ఊహించొచ్చు. అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలను చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) చేస్తారు. రాయైతే ఈఆర్‌సీపీలో నోట్లోంచి ట్యూబు పంపి తీసేస్తారు, కోత ఉండదు. నాళం దెబ్బతింటే స్టెంటో (నాళం తెరుచుకుని ఉండేలా పెట్టే చిన్న గొట్టం), మళ్ళీ ఆపరేషనో. రక్తం గడ్డకట్టే పరీక్ష కూడా చేస్తారు, పైత్యరసం పేగుకు చేరకపోతే విటమిన్ కె సరిగా ఒంటబట్టదు మరి.

పసరు మాత్రం వద్దు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గితే ఆ పేరు పసరుకు పోతుంది, నాళంలో రాయి ఆకు రసానికి కదలదు. ఈలోగా చలిజ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరిగినా, మనిషి మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, రాత్రి రెండైనా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.