బి12 రెండు వేలు దాటింది, మరి ఈ మగత ఎందుకు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఏడేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములు, మూడేళ్లుగా పొద్దున్నే గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ 40 కూడా ఉన్నాయి. మేం శాకాహారులం. మూడు నెలల కిందట కాళ్ల తిమ్మిర్లు, విపరీతమైన నీరసంతో డాక్టర్ దగ్గరికి వెళితే బి12 128, విటమిన్ డి 11, హిమోగ్లోబిన్ 9.8 ఉందన్నారు. బి12 ఇంజక్షన్లు రోజు విడిచి రోజు ఐదు, తర్వాత వారానికొకటి చొప్పున నాలుగు చేయించుకున్నాను. విటమిన్ డి 60 వేల యూనిట్లది వారానికొకటి 8 వారాలు వాడాను. ఇప్పుడు రాత్రి బి12 క్యాప్సూల్, పగలు ఐరన్, క్యాల్షియం నడుస్తున్నాయి. తిమ్మిర్లు కొంత నయం. నీరసం మాత్రం వదల్లేదు. లేవగానే తల బరువు, మధ్యాహ్నం దాకా మగత. మొన్న మళ్లీ పరీక్ష చేయిస్తే బి12 '2000 కంటే ఎక్కువ' అని వచ్చింది. మరీ ఎక్కువైపోయిందా? మందులన్నీ ఆపేయొచ్చా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఆ రాత్రి క్యాప్సూల్ స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో మిథైల్‌కోబాలమిన్ 750 లేదా 1500 మైక్రోగ్రాములు అని ఉంటుంది. దాని పక్కనే ప్రీగాబలిన్ 75 మి.గ్రా. అని కూడా ఉందేమో చూడండి. కొన్నింట్లో గాబాపెంటిన్, ఇంకొన్నింట్లో నార్ట్రిప్టిలిన్ కలుపుతారు. తిమ్మిర్లు, అరికాళ్ల మంటలు అనగానే మన దగ్గర ఎక్కువగా రాసేది ఈ జోడు మందునే. ఇంట్లో అందరూ దాన్ని 'నరాల బలం గోలీ' అనో, 'బి12 గోలీ' అనో అనుకుంటారు. ప్రీగాబలిన్ విటమిన్ కాదు. నరాల నొప్పిని అణిచే మందు. మగత, తల తిరగడం, పొద్దున్నే తల బరువు దాని మామూలు దుష్ఫలితాలు. కొందరికి పాదాల వాపు, బరువు పెరగడం కూడా ఉంటాయి. మధ్యాహ్నానికల్లా తేరుకుంటున్నారంటే నా మొదటి అనుమానం దాని మీదే.

ఈ మందు దాదాపు పూర్తిగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఏడేళ్ల షుగర్ కాబట్టి కిడ్నీలు కాస్త మందగించి ఉంటే 75 కూడా ఒంట్లో పేరుకుంటుంది. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. జలుబు చేసిందని దానికి తోడు సిట్రిజిన్ వేసుకుంటే మర్నాడు పగలంతా నిద్రే. అలాగని రాత్రి క్యాప్సూల్‌ను రేపటి నుంచే ఆపేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన వస్తాయి. తిమ్మిర్లు తగ్గాయి కనుక డాక్టర్‌ని అడిగి 75 నుంచి 50కి, అక్కడి నుంచి 25కి, ఒక్కో మెట్టు కనీసం వారం ఉండేలా దిగండి. క్యాప్సూల్ విప్పి పొడి సగం చేసే పని వద్దు, 50, 25 విడిగానే దొరుకుతాయి. మానేశాక మిథైల్‌కోబాలమిన్ ఒక్కటే ఉన్న మాత్రకు మారండి. బి12 ఆగదు, మగత ఆగుతుంది.

ఇక 2000 సంగతి. ఇంజక్షన్లు వేయించుకున్నాక రక్తంలో బి12 అలాగే వస్తుంది. చాలా ల్యాబుల్లో మెషీన్ కొలవగలిగే గరిష్ఠం 2000, అందుకే 'కంటే ఎక్కువ' అని రాశారు. ఇది నీటిలో కరిగే విటమిన్. ఎక్కువైంది మూత్రంలో పోతుంది, విషమేమీ కాదు. ఇంజక్షన్లు గానీ మాత్రలు గానీ వాడకుండానే బి12 అంత వస్తే లివర్, రక్త సంబంధ జబ్బుల కోసం వెతకాలి. మీ విషయం అది కాదు. ఆ పరీక్ష ఇప్పట్లో మళ్లీ చేయించకండి, డబ్బులు దండగ.

మీరు బి12 మళ్లీ చేయించారు గానీ హిమోగ్లోబిన్ ఎంతకు వచ్చిందో రాయలేదు. అసలు చూడాల్సింది అదే. మందు పట్టిందంటే మొదటి వారంలోనే మూలుగలో కొత్త రక్తకణాల తయారీ ఊపందుకుంటుంది, రెండు నెలలకు హిమోగ్లోబిన్ దాదాపు మామూలుకు రావాలి. ఇంకా పదీ పదిన్నర దగ్గరే ఉంటే ఐరన్ చాలడం లేదని అర్థం. మూలుగ ఒక్కసారిగా పని మొదలుపెడితే ఉన్న కాస్త ఐరన్ నిల్వ కూడా కరిగిపోతుంది. అసలు బి12, ఐరన్ లోపాలు రెండూ కలిసి ఉన్నప్పుడు ఒకటి కణాన్ని పెద్దది చేస్తుంది, ఇంకోటి చిన్నది చేస్తుంది. సగటు తీసేసరికి రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) నార్మల్‌గా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, 30 కంటే తక్కువుంటే ఐరన్ లోపమే. ఈ వయసులో నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఎన్ని మాత్రలు మింగినా కుండకు చిల్లి ఉన్నట్టే. అది కూడా డాక్టర్‌తో చెప్పాలి. నరాలు వేరు. అవి కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు, మొదట్లో కొన్నాళ్లు తిమ్మిర్లు పెరిగినట్టు కూడా ఉంటుంది.

మాత్రల వేళలు మీరు పూర్తిగా రాయలేదు. ఇన్ని మందులున్న ఇళ్లలో జరిగేది ఒకటే: టిఫిన్ అవగానే ఐరన్, క్యాల్షియం, అన్నీ ఒకే గుప్పెట్లో మింగి కాఫీ తాగడం. క్యాల్షియం ఐరన్‌ను, ఆ రెండూ కలిసి థైరాయిడ్ మందును పేగులో పట్టి ఆపేస్తాయి. కాఫీ, టీ ఐరన్‌ను మరీ ఆపుతాయి. ఇలా సర్దుకోండి. ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లతో మాత్రమే. కాఫీ గంట తర్వాత. టిఫిన్‌కు అరగంట ముందు పాంటోప్రజోల్, టిఫిన్ తింటూ మెట్‌ఫార్మిన్. ఐరన్ పదకొండింటికి, ఉప్పూ చక్కెరా లేని నిమ్మకాయ నీళ్లతో. దానికి ముందూ వెనకా గంటన్నర పాటు పాలు, టీ, కాఫీ వద్దు. ఐరన్ రోజూ వేసుకుంటే కడుపులో వికారం, మలబద్ధకం వచ్చేవాళ్లు రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే పడుతుంది. క్యాల్షియం మధ్యాహ్నం భోజనంతో పాటు. గ్యాస్ మాత్ర వాడేవారికి క్యాల్షియం కార్బొనేట్ రకం సరిగా కరగదు, సిట్రేట్ రకం అయితే నయం. రాత్రి భోజనంతో రెండో మెట్‌ఫార్మిన్. బి12 ఎప్పుడు వేసుకున్నా ఒకటే. ఈ వేళలకు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చేయించుకోండి. ఇన్నాళ్లూ మందు సరిగా పట్టక థైరాయిడ్ తగ్గి కూడా నీరసం ఉండొచ్చు.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్ర వేసుకుంటున్నారా? ఉంటే రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు ఆపండి. 5, 10 మి.గ్రా. బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది, అది చూసి థైరాయిడ్ డోసు తగ్గించే ప్రమాదం ఉంది.

మందులన్నీ ఆపేయొచ్చా అంటే బి12 మాత్రం ఆపకూడదు. మీకు లోపం రావడానికి కారణాలు మూడు, ఒక్కటీ పోలేదు. బి12 మొక్కల్లో ఉండదు. మెట్‌ఫార్మిన్ చిన్నపేగు చివర దాన్ని పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించడంతో పాలు, పెరుగులో ఉన్న కాస్త బి12 కూడా ప్రొటీన్ నుంచి విడిపోదు. షుగర్ అదుపులో పెడుతున్న మెట్‌ఫార్మిన్‌ను దీనికోసం మానక్కర్లేదు. రోజూ 1000 నుంచి 1500 మైక్రోగ్రాముల మాత్ర చాలు. అందులో నూటికి ఒక వంతు పేగు గోడ గుండా నేరుగా వెళ్లిపోతుంది. అంటే సుమారు 10 మైక్రోగ్రాములు. రోజుకు కావాల్సింది రెండున్నర లోపే. ఒక గ్లాసు పాలలో ఒకటి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. కాఫీలో పోసే రెండు చెంచాలు, నీళ్ల మజ్జిగ లెక్కలోకి రావు. స్పైరులినా పొడిలో బి12 ఉందని అమ్ముతారు, అది మన ఒంటికి పనికొచ్చే రకం కాదు.

మీకు థైరాయిడ్ ఉంది కాబట్టి ఇంకో మాట. థైరాయిడ్‌ను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ స్వభావమే కొందరిలో పొట్టనూ దెబ్బతీసి, బి12ను మోసుకెళ్లే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను తగ్గించేస్తుంది. చివరి ఇంజక్షన్ అయ్యి కనీసం రెండు వారాలు దాటాక ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్ష ఒకసారి చేయించండి. పాజిటివ్ వస్తే జీవితాంతం బి12 తప్పదు, నెలకో ఇంజక్షన్ రాస్తారు. ఒకటి గుర్తుంచుకోండి: రక్తం పెరగాలని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడి బి12 ఆపితే రక్తం బాగైనట్టే కనిపిస్తుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. అలాగని రెండు మూడు రకాల నరాల గోలీలు కలిపి వాడకండి. వాటిలో ఉండే బి6 రోజుకు 100 మి.గ్రా. దాటి నెలల తరబడి వెళితే అదే తిమ్మిర్లు తెస్తుంది.

పాంటోప్రజోల్ ఎందుకు మొదలైందో డాక్టర్‌ని అడగండి. అల్సర్ గానీ, ఆస్పిరిన్ వాడకం గానీ ఉంటే దాన్ని కదపొద్దు. వట్టి గ్యాస్ కోసమే అయితే 40 నుంచి 20కి, రెండు మూడు వారాలయ్యాక రోజు విడిచి రోజుకు, ఆపైన అవసరమైనప్పుడు మాత్రమే. ఒక్కసారిగా మానితే రెండు వారాల పాటు మంట ఎదురు తంతుంది, అది చూసి 'నాకిది లేకపోతే కుదరదు' అనుకుంటారు.

విటమిన్ డి వారం గోలీల కోర్సు అయిపోయింది. ఇక నెలకొకటి, లేదా రోజుకు 1000-2000 యూనిట్లు. నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా పడుతుంది. పాత చీటీ చూపించి వారం గోలీనే ఏళ్ల తరబడి తెచ్చుకునేవారు, పొరపాటున రోజూ మింగేవారు ఉన్నారు. బి12లా ఇది మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉంటుంది. మోతాదు మించితే రక్తంలో క్యాల్షియం పెరిగి నీరసం, దాహం, మలబద్ధకం, వాంతులు వస్తాయి. మళ్లీ నీరసమే కదా అని ఇంకో గోలీ వేసుకుంటే మొదటికే మోసం.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈ మధ్య తగ్గిందా? ఐరన్, బి12 లోపాలతో రక్తహీనత ఉన్నప్పుడు పాత కణాలు ఎక్కువకాలం తిరిగి ఆ సంఖ్యను పెంచి చూపిస్తాయి, కొత్త కణాలు వచ్చాక అది పడిపోతుంది. షుగర్ మందు మార్చే ముందు ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగులు వారం పాటు రాసి తీసుకెళ్లండి.

నడక రెండు పూటలా భోజనం అయ్యాక పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. ఒంట్లో బాగుందనిపించిన రోజున బూజులు దులపడం, బీరువాలు సర్దడం పెట్టుకుంటే తర్వాత రెండు రోజులు మంచమే.

వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రాసి కళ్లు మూసుకున్నప్పుడు పక్కకు తూలుతున్నారా? చీకట్లో అడుగు తడబడుతోందా, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా? అది వెన్నుపాములో నరాలకు తగిలిన దెబ్బ కావొచ్చు. మగత వల్ల తూలడం వేరు, అది మందు తగ్గిస్తే పోతుంది. కళ్లు మూస్తేనే తూలుతుంటే, మూత్రం ఆపుకోలేకపోతుంటే, చూపు మసకబారుతుంటే ఇక ఆగకండి, ఆ వారంలోనే న్యూరాలజిస్ట్‌ను కలవండి. నాలుగడుగులకే ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఓ కవర్లో వేసుకెళ్లండి, రాత్రి క్యాప్సూల్‌తో సహా.