పాత బొమ్మకి కాళ్ళూ చేతులూ ఊడితే పాడైపోయినట్టు కాదు

అమ్మమ్మగారి కాలం నాటి పింగాణీ తల బొమ్మకి కాళ్ళూ చేతులూ ఊడిపోయాయి, వైజాగ్‌లో ఎవరైనా బాగుచేస్తారా అని అడిగారు. మనిషిని వెతకక్కర్లేదండీ, ఇంట్లోనే చేసుకోండి. ఊడిపోవడం అసలు జబ్బే కాదు. లోపల కట్టింది ఎలాస్టిక్ తాడు, రబ్బరు అన్నాక కొన్నేళ్ళకి సాగుతుంది, తర్వాత ఎండి పొడిపొడిగా రాలిపోతుంది. మళ్ళీ కట్టుకోవచ్చు. ఆ బొమ్మల్ని నిజంగా పాడుచేసేవి సూపర్ గ్లూ, తడిగుడ్డ, కొత్త పెయింటు.

మహారాణిపేటలో మా ఎదురింటి మామ్మగారి దగ్గర ఇలాంటిదే ఉండేది. మెడ వెనక ఆర్మండ్ మార్సెయ్, జర్మనీ, 390 అని అచ్చు గుర్తు. ఆర్మండ్ మార్సెయ్ అనేది బొమ్మల కంపెనీ పేరు, వాళ్ళది జర్మనీలో టురింగియా ప్రాంతం, 390 అనేది తల పోసిన అచ్చు నంబరు, ఆ అచ్చు తలలు లెక్కలేనన్ని పోశారు, కాబట్టి మీ బొమ్మ కూడా అదే అయితే లక్షలొస్తాయని ఆశపడకండి. 1933లో మన పోర్టు తెరిచిన కొత్తలో వాళ్ళ నాన్నగారు అక్కడ పనిచేస్తూ ఓడలో వచ్చిన ఒక దొర దగ్గర కొన్నారట. నా చేతికి వచ్చేసరికి తల ఒక గుడ్డలో, మిగతా ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, పైగా ఎవరో ఒక చేతిని భుజానికి జిగురుపెట్టి అంటించేశారు. కదలాల్సిన కీలుని అంటించడం ఏం తెలివి చెప్పండి! అది ఊడదీయడానికి పట్టినంత సేపు మిగతా పనికి పట్టలేదు.

పూర్ణా మార్కెట్‌లో టైలరింగ్ సామాన్ల కొట్లో గుండ్రటి ఎలాస్టిక్ తెచ్చాను. లంగా నడుముకి వేసే బద్దీ పనికిరాదు. ఒకటిన్నర అడుగు బొమ్మకి కాళ్ళకి సుమారు 3 మిల్లీమీటర్ల మందం, చేతులకి అంతకన్నా సన్నం. చేతులు రెండిటికీ కలిపి ఒక చుట్టు, ఒక భుజం నుంచి ఇంకో భుజానికి. కాళ్ళకి కట్టిన ఎలాస్టిక్ చుట్టుని మాత్రం క్రోషా సూదితో మెడ కన్నంలోంచి పైకి లాగి, మళ్ళీ లోపలికి జారిపోకుండా పెన్సిల్ అడ్డం పెట్టాలి, ఆ చుట్టుకే తల కింద ఉన్న కొక్కెం తగిలించాలి. భయమంతా ఇక్కడే. చెయ్యి జారితే తల పగులుతుంది, అందుకే కింద దిండు వేసుకుని, మామ్మగారిని తల పట్టుకోమన్నాను. మరీ బిగించి కడితే మెడ అంచు పెచ్చు లేస్తుంది. చెయ్యి ఎత్తి వదిలితే ఎత్తిన చోటే నిలబడాలి, ఆ బిగువు చాలు.

నిలబెట్టాం. పడుకోబెడితే గాజు కళ్ళు మూసుకున్నాయి, లోపల సీసం ముక్క బరువుకి. ఎడమ చేతి వేళ్ళకి రంగు పూర్తిగా పోయి ఉంది, అది చూసి వాళ్ళ మనవరాలు నెయిల్ పాలిష్ లాంటిదేదో తెచ్చి వేస్తానంది. మామ్మగారు ఒప్పుకోలేదు. "వద్దమ్మా, ఆ చెయ్యి పట్టుకునే ఇల్లంతా తిప్పేదాన్ని" అన్నారు.

నేనూ అదే అంటాను. మా చుట్టాల బొమ్మ ఒకటి షాపుకిస్తే మొహమంతా ఎనామిల్ పెయింటు కొట్టి ఇచ్చారు, కొత్తదానిలా ఉందని వాళ్ళు సంబరపడ్డారు కూడా. ఆ బుగ్గల ఎరుపు బట్టీలో కాల్చిన రంగు, దానంతట అది వెలవదు. దానిమీద డబ్బా పెయింటు ఎందుకు? ఒళ్ళు మాత్రం రంపపు పొట్టూ జిగురూ కలిపి చేసింది, నీళ్ళు తగిలితే ఉబ్బి పెచ్చులూడిపోతుంది. అసలే మన ఊరి సముద్రపు చెమ్మ, దానికి తోడు అందరూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా మీద పెడతారు. కవర్ తీసేసి పాత నూలు చీరలో చుట్టండి.

ఇంకో మాట. మీ ఇంట్లో సెల్యులాయిడ్ బొమ్మ, అంటే పాతకాలం ప్లాస్టిక్‌ది, ఉంటే, వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వేస్తుంది, దాన్ని కొలువులో దీపాల దగ్గర పెట్టకండి, భగ్గున అంటుకుంటుంది. మీ బొమ్మ మెడ వెనక ఏముందో, ఎత్తు ఎంతో రాయండి, ఎలాస్టిక్ ఎంత కొనాలో చెప్తాను.