ఓమ్నీ వెనక కటకట శబ్దం: కమాన్ కట్టలు మార్చకముందు బుష్‌లు చూడండి

మీ 2008 మారుతి ఓమ్నీ వ్యాన్ స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక కటకటమంటోందని, మెకానిక్ రెండు వైపులా కమాన్ కట్టలే (వెనక బరువు మోసే ఇనుప పట్టీల దొంతరలు) మార్చాలంటున్నాడని రాశారు. అప్పుడే ఒప్పుకోకండి. మాది టెంట్ హౌస్. డేగిసాలు, కుర్చీలు మోసే మా పాత ఓమ్నీకీ ఇదే గోల. తీరా చూస్తే పట్టీలు నిక్షేపంలా ఉన్నాయి, పోయింది వాటి చివర్లలో పిన్ను చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు, అంటే బుష్‌లు.

ముందు షాకబ్జార్బర్ పైనా కిందా ఉండే బుష్‌లు చూడండి, చవకలో తేలిపోతుంది. అవి బాగుంటే ఒక మనిషిని బండి వెనక భాగం ఊపమని, మీరు టార్చి పట్టుకుని కమాను చివర్లు గమనించండి. మా దాంట్లో షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే, తిరిగే లింకు) దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంది. ఊపిన ప్రతిసారీ పిన్ను ఇనుముకే తగులుతోంది. ఊడదీస్తే గుండ్రంగా ఉండాల్సిన బుష్ రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి కనిపించింది. మలుపుల్లో వెనక భాగం పక్కకు జారినట్టుంటే అదీ దీనివల్లే కావచ్చు.

సొంతంగా చేసేటట్టయితే ఒక్క సంగతి మరవకండి. ఓమ్నీకి హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, గేరులో పెట్టినా ఆగేది అవే. వెనక లేపారంటే రెండూ దండగే. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు గట్టిగా పెట్టండి. ఛాసిస్ కింద స్టాండ్లు వేసి, హౌసింగ్ (వెనక చక్రాలను కలిపే ఇరుసు గొట్టం) కింద వేరే జాకీ పెట్టండి. ఆ జాకీని కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే ఒకచోట బరువు తేలిపోయి పిన్ను వదులవుతుంది. సుత్తి తీసుకునేది అప్పుడే. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పండి, లేకపోతే హౌసింగ్ కదిలి రంధ్రాలు కలవక చచ్చే చావు. కమానును హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల జోలికి పోనక్కర్లేదు.

కొత్త బుష్‌లకు గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్లు చాలు.

నేను దెబ్బతిన్నది చివర్లో. మొదటిసారి బండి గాల్లో ఉండగానే నట్లన్నీ బలంగా బిగించేశాను. కిందికి దించగానే కమాను సాగుతుంది, షాకిల్ తిరుగుతుంది. బిగుసుకున్న రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నాలుగు నెలలకే చిరిగి మళ్లీ కటకట మొదలు. రెండోసారి నట్లు చేత్తో పట్టించి, చక్రాలు నేలకు దించి, ఖాళీ బండిని నాలుగుసార్లు ఊపి, అప్పుడు పానా వేశాను. మూడేళ్లయింది, పెళ్లిళ్ల సీజన్లో కూడా చప్పుడు లేదు.

అయితే పట్టీల్లో ఏదైనా విరిగి ఉన్నా, ఖాళీ బండే ఒక పక్కకు ఒరిగి ఉన్నా మీ మెకానిక్ చెప్పిందే నిజం. పగటి వెలుతురులో ఒక్కో పట్టీని తడిమి చూసుకోండి.