ప్రార్థించినా మనసు కుదుటపడకపోతే విశ్వాసం తక్కువైనట్టా?

చెల్లీ, పంట పోయి అప్పు మిగిలిందని, ప్రార్థనకు కూర్చుంటే ఏడుపే తప్ప మాట రావట్లేదని రాశావు. ఇది విశ్వాసం తక్కువై జరుగుతోందా అని అడిగావు. కాదు. పడ్డదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మాది పరకాల దగ్గర ఊరు. 2020 ఆగస్టు వానలకు మా మూడెకరాల పత్తి చేనులో నీళ్లు నిలిచి మొక్కలన్నీ వడలిపోయాయి. విత్తనాలకు, మందులకు తెచ్చిన పైసల మీద మిత్తి మాత్రం ఆగలేదు. మా ఆయన కంచం ముందు కూర్చుని తినకుండానే లేచేవారు. చర్చి సంఘంలో ఒకామె "నమ్మకం ఉంటే ఈ దిగులెందుకు?" అంది. పంట పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఒక సాయంత్రం మా పాస్టరు అయ్యగారి భార్య గిన్నెలో పప్పు, నాలుగు జొన్న రొట్టెలు తెచ్చారు. వాక్యం చెప్తారేమో అనుకున్నాను. ఏమీ చెప్పలేదు. మా ఆయన తినేదాకా పక్కనే కూర్చున్నారు. పోయేటప్పుడు మాత్రం బైబిల్లో మొదటి రాజులు పుస్తకం 19వ అధ్యాయం చదవమన్నారు.

అందులో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవదూత ఆయన్ని ఒక్క మాట అనలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, తర్వాత లేపి మళ్లీ తినమన్నాడు. ఏలీయా ప్రార్థిస్తే కర్మెలు కొండ మీద అగ్ని దిగిన కథ చిన్నప్పటి నుంచి విన్నాను గానీ, ఆ వెంటనే ఇది ఉందని ఆ రోజే గమనించాను. నిరీక్షణ, అంటే దేవుని మీద పెట్టుకునే ఆశ, మా ఇంటికి రొట్టెల గిన్నెతో వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

నీకు మాటలు రాకపోతే బైబిల్లో 13వ కీర్తన చదువు. ఆరే వచనాలు. అందులో దావీదు రాజు ఇంకా ఎంతకాలం, ఇంకా ఎంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తాడు. అది కూడా ప్రార్థనే. అప్పుల లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసి నమ్మకస్తులకు చూపించు, ఒక్కదానివే మోయకు. చచ్చిపోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికి వచ్చినా వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ నంబరు, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేస్తే దేవుణ్ణి నమ్మనట్టు కాదు.

మా అప్పు ఇంకా కొంత ఉంది. పొద్దుగూకాక మా ఆయన ఆ కీర్తన పైకి చదువుతారు, నేను రొట్టెలు చేస్తూ వింటాను.