తాతగారి తపాలా గుమాస్తాగిరీ, అమ్మాయి ఉద్యోగం

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు: "బి.కాం. చదివిన మా అమ్మాయికి పోస్టల్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. మా తాతగారు తెల్లదొరల కాలంలో తపాలా గుమాస్తాగా చాలీచాలని జీతంతో, తరగని పనితో నలిగిపోయారు. మళ్లీ అదే కొలువా? బంధువులకు ఏమని చెప్పుకోవాలి? దీన్నీ డేటా సైన్స్ కోర్సునూ పోల్చి చెప్పండి."

మీ తాతగారి గురించి మీరు విన్నది అతిశయోక్తి కాదు. 1877లో సరుకు అప్పగించి సొమ్ము వసూలు చేసే వి.పి. పార్శిళ్లు, 1879లో కార్డు, 1880లో మనియార్డరు, 1882లో సేవింగ్స్ బ్యాంకు, 1917లో యుద్ధ ఖర్చుల కోసం క్యాష్ సర్టిఫికెట్లనే పొదుపు పత్రాలు, ఇలా సర్కారు తలపెట్టిన ప్రతి కొత్త పనీ ఆ గుమాస్తా బల్ల మీదికే చేరింది. జీతం మాత్రం ధరల వెంట నడవలేదు. ఆ కడుపుమంటే 1946 జూలైలో దేశవ్యాప్త తపాలా సమ్మెగా బయటపడింది.

పని పెరిగే తీరు నేటికీ మారలేదు. ఆధార్, సుకన్య సమృద్ధి, పేమెంట్స్ బ్యాంకు అన్నీ వచ్చి చేరాయి, సర్వర్ మొరాయిస్తే మాటలు పడేది కౌంటరులో కూర్చున్నవారే. జీతం సంగతి వేరు: ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 25,500 రూపాయలతో మొదలవుతుంది, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. 2004 జనవరి నుంచి చేరినవారికి పాత పింఛను లేదన్నది నిజమైన లోటే.

ఇక డేటా సైన్స్. విశాఖ ద్వారకానగర్‌లో ఆ కోర్సుల బోర్డులు చూసినప్పుడల్లా నాకు అనుమానమే. గణాంక శాస్త్రంలో పట్టు, ప్రోగ్రామింగ్ అలవాటు లేకుండా కొద్ది నెలల సర్టిఫికెట్‌తో వచ్చేవారిని కంపెనీలు అంత తేలికగా తీసుకోవు. పైగా కొత్తవారికి అప్పగించే చిన్న పనులను ఇప్పుడు కృత్రిమ మేధ చేసిపెడుతోంది. లెక్కల మీద మక్కువ ఉన్నవారికి అది మంచి దారే, కాదనను. కానీ మీ ఉత్తరమంతా వెదికినా అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యం దొరకలేదు. లక్షలమందితో పోటీపడి ఆమె సాధించుకున్నదాన్ని బంధువుల తూకంలో పెట్టడం, కోపగించుకోకండి, తండ్రి చేయదగిన పని కాదు.

ఆమెకు సమ్మతమైతే నిశ్చింతగా చేరనివ్వండి. ఇన్‌స్పెక్టర్ పోస్టుకు శాఖాపరమైన పరీక్ష ఉంది. ఉద్యోగం చేసుకుంటూనే గణాంకాలు నేర్చుకోవచ్చు, అనుమతి తీసుకుని వేరే పరీక్షలూ రాసుకోవచ్చు. మొదటి పోస్టింగ్ విశాఖలోనే వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంటికి దూరంగా ఏ చిన్న ఊళ్లోనైనా పడవచ్చు, కాబట్టి అక్కడ ఆమె ఉండటానికి వసతి సంగతి ముందుగానే చూసుకోండి.