పదిహేనేళ్లు దాటిన పాత కారు కొంటే స్క్రాప్‌కే ఇవ్వాలా?

అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే ముగిసేది ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు మాత్రమే. బండిని ఆర్‌టీఓ తనిఖీలో ఫిట్‌గా తేలిస్తే ఆర్‌సీని మరో అయిదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఆ తర్వాత కూడా అలాగే, అయిదేళ్లకోసారి.

మరి ఇలాంటి పాత కార్లు అంత చవగ్గా ఎందుకు వస్తాయి? రెన్యువల్ ఖర్చు కొనేవాడి మీద పడుతుంది కాబట్టి. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. దానిపైన గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్లపై వేసే కాలుష్య పన్ను) ఉంటుంది. అసలు ఖర్చు మాత్రం బండిని ఫిట్‌నెస్‌కు సిద్ధం చేయడంలోనే: బ్రేకులు, లైట్లు, పొగ, టైర్లు. అడుగుభాగం తుప్పు పట్టి ఉంటే బేరం వదిలేయడమే మంచిది, ఇంజిన్ ఎంత బాగున్నా సరే.

ఉదాహరణకు, 2011 జూన్‌లో రిజిస్టరైన పెట్రోల్ కారు ఆర్‌సీ 2026 జూన్ వరకే. రెన్యువల్ చేయించాకే డబ్బు ఇస్తానని అమ్మేవారితో చెప్పండి. బండిపై నమ్మకమున్నవారు ఒప్పుకుంటారు. లోన్ తీరిందా, చలాన్లు ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. మీటర్‌లోని కిలోమీటర్లను మాత్రం నమ్మకండి, తిప్పేయడం తేలిక.

చాలామంది పొరపాటు పడేది ఢిల్లీ వార్తలు చూసి. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అనే ఆంక్షలు ఢిల్లీ ఎన్‌సీఆర్ (ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం) కోసం వచ్చినవి. అక్కడి కారు చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేశాకే ధర చూడండి.